లెక్కలోకి రాని లోయ

పసంగ్ గారు పదవీ విరమణ చేసిన మర్నాడే కెన్లా లోయలో మనుషులు కనబడ్డారు.

లోయలో మనుషులుంటే వింతేమిటని మీరు అనొచ్చు. ఎనిమిదేళ్ళుగా అక్కడ పురుగూ పుట్రా, జింకా చేపా తప్ప నరమానవుడు లేడని రెండు దేశాలకూ రాసిచ్చింది అరుంధతే. ఒక్కసారి కాదు, నెలనెలా. అలాంటి చోట పొద్దున్నే యంత్రం తెర మీద మనిషికొకటి చొప్పున ఇరవై గీతలు లేచి నిలబడితే ఆమె తెర ఆపి మళ్ళీ పెట్టి చూసింది. యంత్రం చెడిందనుకుంది. యంత్రం చెడితే బాగుండునని కూడా అనుకుంది.

తిమ్లా నది మంచుకొండల్లో పుట్టి, కెన్లా లోయ ఇరుకులో పడి, ఒక దేశం దాటి ఇంకో దేశంలోకి దిగుతుంది. దిగే చోట ఒడ్డున రెండు దేశాలూ కలిసి పెట్టుకున్న నదీ సంరక్షణ కేంద్రం ఉంది. దేశాల పేర్లెత్తితే మాటా మాటా పెరుగుతుందని కేంద్రంలో అందరూ పై దేశం, కింది దేశం అనే అంటారు. అరుంధతి కింది దేశపు ఉద్యోగి. పుట్టింది టెక్కలి దగ్గర. ఇక్కడికొచ్చి పదిహేనేళ్ళయింది. ఆ పదిహేనేళ్ళూ ఆమెకు జోడీ పై దేశపు ఉద్యోగి పసంగ్ గారు.

కేంద్రంలో ఒక ఆచారం ఉంది. దాన్ని ఇద్దరి సీసా అంటారు. మొదటి రోజుల్లో నీటి నమూనాలో నువ్వేదో కలిపావంటే నువ్వేదో కలిపావని పైవాళ్ళూ కిందివాళ్ళూ జుట్లు పట్టుకునేవారట. ఆ గొడవ పడలేక అప్పటి ఉద్యోగులిద్దరు ఒకే సీసాను చెరోవైపునా ఒట్టి చేతులతో పట్టుకుని నదిలో ముంచి, మూత పెట్టే ముందు చెరో గుక్కా తాగారు. విషం కలిపినవాడు తాగడు కదా. ఏ నియమావళిలోనూ ఈ సంగతి రాయలేదు, ఏ రోజూ దీన్ని మానలేదు.

అరుంధతి కనిపెట్టిన యంత్రం పేరు ఆనవాలు. నీటిని తాకిన ప్రతి ప్రాణీ అందులో తన ఆనవాలు కొంత వదిలిపోతుంది. చేప పొలుసు, పువ్వు పుప్పొడి, మనిషి ఒంటి మట్టి. ఆ యంత్రం సీసాడు నీళ్ళలోంచి వాటినన్నిటినీ ఏరి, ఏది ఏ ప్రాణిదో చెబుతుంది. ఒక్కో మలుపు దగ్గర పెరిగే నాచు ఒక్కో రకం గనక, ఆ ప్రాణి నదిని ఎక్కడ తాకిందో కూడా చెబుతుంది. పై దేశపు తోళ్ళ కార్ఖానా విషం వదిలిందని మొదటిసారి పట్టిచ్చింది అదే. కింది దేశపు పడవలు దొంగతనంగా చేప పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయని తేల్చిందీ అదే. ఒకరి మాట ఒకరు నమ్మని రెండు దేశాలు ఒక పెట్టె మాట నమ్మాయి. కార్ఖానా మూతపడింది, పోయిందనుకున్న వెండిచేప తిరిగొచ్చింది. అరుంధతికి ఆ గర్వం ఉంది. ఎందుకుండకూడదు?

యంత్రం వచ్చిన కొత్తలో ఒక్కటే చిక్కు. ఇద్దరి సీసా పుణ్యమా అని ప్రతి నమూనాలోనూ ముందు తేలేది అరుంధతీ పసంగ్ గారూనే. చేతులకు తొడుగులేసుకుందామని ఆమె అంటే పసంగ్ గారు నవ్వారు.

"తొడుగేసుకుని షేక్‌హ్యాండ్ ఇస్తారేటమ్మా ఎవరైనా?" అన్నారు.

ఆయన తెలుగు అది. అరుంధతి భర్త ధర్మారావు నేర్పాడు, వంకాయ కూరతో సహా. పై దేశపు మనిషి నోట సిక్కోలు యాస వింటే కొత్తవాళ్ళు తెల్లబోయేవారు.

సరేనని ఆమె యంత్రంలోనే ఒక జల్లెడ పెట్టింది. సిబ్బంది జాబితాలో ఉన్నవాళ్ళ ఆనవాళ్ళను లెక్కలోంచి తీసేస్తుంది అది. సిబ్బంది పెళ్ళాం పిల్లలు, వచ్చీపోయే చుట్టాలు కూడా కేంద్రం రేవులోనే స్నానాలు చేసేవారు. వాళ్ళూ రాకూడదని రక్తసంబంధం ఉన్న వాళ్ళందర్నీ, దూరపు చుట్టాల దాకా తీసెయ్యమని చెప్పింది. జల్లెడ రంధ్రాలు కాస్త పెద్దవిగానే పెట్టింది. ఆ రోజు అదంతా పసంగ్ గారికి ముచ్చటగా బొమ్మలు గీసి మరీ వివరించింది. ఆయన శ్రద్ధగా విన్నారు. రెండోసారి చెప్పించుకుని కూడా విన్నారు.

ఇప్పుడు ఆయన ఉద్యోగం అయిపోయింది. నియమం ప్రకారం ఆమె జాబితాలోంచి ఆయన పేరు తీసింది. కొత్త జోడీ యాంగ్జోమ్ అని చురుకైన అమ్మాయి, ఆమెతో కలిసి సీసా ముంచింది. లోయలో ఇరవై గీతలు.

యాంగ్జోమ్ తన సామాన్లు సర్దుకోడానికి వెళ్ళగానే అరుంధతి పసంగ్ గారి పేరు జాబితాలో తిరిగి పెట్టి చూసింది. గీతలు మాయమయ్యాయి. తీసింది, వచ్చాయి. పెట్టింది, పోయాయి. ఆయన పేరు మళ్ళీ తీసేసింది. యంత్రం బాగానే ఉంది. ఎనిమిదేళ్ళూ బాగా లేనిది తను పెట్టిన జల్లెడ.

ఇందులో భయం ఎక్కడుందంటే, ఆమె రాసిచ్చిన సున్నాలు ఊరికే బీరువాలో పడి లేవు. కెన్లా లోయ దిగువన పై దేశం ఆనకట్ట కడుతోంది. మనుషులున్న నేలను ముంచకూడదని రెండు దేశాల ఒప్పందం. ఆనవాలు సున్నా చూపిస్తోంది గనక లోయ ఖాళీ అని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఈ వానలు వెనకబట్టగానే తలుపులు దించుతారు. నెలాఖరుకి ఆమె ఆఖరి నివేదిక వెళ్ళాలి. అది వెళ్ళాక నీళ్ళు ఎక్కడం మొదలవుతుంది.

మధ్యాహ్నం ఇంటికెళ్ళి కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది. ధర్మారావు పలాస పిల్లలకు తెర మీద లెక్కల పాఠం చెప్పడం ముగించి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఏటయిందని అడిగాడు. మొత్తం చెప్పింది. పసంగ్ గారు రెండుసార్లు విరమణ వాయిదా వేయించుకోవడం, మోకాళ్ళు పట్టేసినా రేవులోకి దిగి సీసా పట్టుకోవడం మానకపోవడం, ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టున్నాయి.

"మెషీన్నడిగితే ఏటి చెప్తాది," అన్నాడు ధర్మారావు. "ఆయన్నే అడుగు. ముందు తినీసి వెళ్ళు."

పసంగ్ గారి ఇల్లు వంతెనకు అవతలి ఒడ్డున, పై దేశపు చిన్న పట్నంలో. భార్య పోయి చాలా కాలమైంది. అరుంధతి వెళ్ళేసరికి వరండాలో పాత నూనె డబ్బాల్లో ముల్లంగి విత్తనాలు వేస్తున్నారు. ఆమె ముఖం చూసి చేతులు కడుక్కుని, టీ పెట్టి, ఎదురుగా కూర్చుని, ఎంతమంది కనబడ్డారని అడిగారు. దాచడానికి ఏమీ ప్రయత్నించలేదు. ఇరవై అని చెబితే తలూపారు. బట్టలుతికేవాళ్ళు, మేకలు తోలేవాళ్ళు మాత్రమే నది దాకా దిగుతారనీ, మిగతా వాళ్ళు ఊటనీళ్ళే వాడతారనీ, అందరూ కలిసి రెండొందల పైచిలుకు ఉంటారనీ అన్నారు.

వాళ్ళు ఆయన మనుషులు. వంశమంతా ఆ లోయదే. బయటి సంబంధాలు లేక ఒకరికొకరు చుట్టాలే అందరూ, అందుకే ఒక్క ఆయన పేరుతో ఊరు ఊరంతా జల్లెడలోంచి జారిపోయింది. ఆయన చిన్నప్పుడు లోయలో పోడు చేస్తున్నారని, అడవి ఖాళీ చెయ్యాలని సర్కారు లారీలొచ్చాయి. అందర్నీ ఎక్కించి వేడి మైదానంలో రేకుల షెడ్లలో దించారు. చలికొండల మనుషులు ఆ ఎండకి ఆగలేదు. ఆయన తల్లి మొదటి వేసవిలోనే పోయింది. బతికినవాళ్ళు ఒక్కో కుటుంబమూ మేకల దారిన వెనక్కి ఎక్కేశారు. పైనుంచి చూస్తే మబ్బు, కిందనుంచి చూస్తే కొండ. ఎవరికీ కనబడలేదు. ఈయన మాత్రం మైదానంలో పుట్టానని రాయించుకుని, చదువుకుని ఉద్యోగంలో చేరారు.

"ఆ పెట్టె తెచ్చినప్పుడు నాకు నిద్దర పట్టలేదమ్మా. మా వాళ్ళు దొరికిపోతారనుకున్నాను. ఆ తరవాత నువ్వే వచ్చి జల్లెడ సంగతి చెప్పేవు. దేవుడే నీ చేత పెట్టించేడనుకున్నాను." ఆయన చేతులు జోడించలేదు గానీ జోడించినట్టే ఉంది. "నా పేరు మళ్ళీ పెట్టీ. ముసలాడు రేవులో స్నానం చేస్తన్నాడని రాసుకో. అదేం అబద్ధం కాదు కదా."

అరుంధతికి కోపం ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళూ రోజూ పక్కన నిలబడి తన చేత్తో తప్పు రాయించారని, తన పేరునీ పనినీ ఊరి చుట్టూ కంచెలాగ వాడుకున్నారని నిలదీసింది. రోజూ నా చెయ్యి పట్టుకుని ఎలా చెయ్యగలిగారంది.

"నీ చెయ్యి పట్టుకున్నాను గాబట్టే వాళ్ళు బతికేరమ్మా," అన్నారాయన.

కానీ ఆయనకు తెలియనిది ఒకటి ఆమె దగ్గరుంది. ఆనకట్ట గురించి ఆయన బెంగపడలేదు. నీళ్ళు తమ బార్లీ పొలాల కింద చాలా దూరంలో ఆగుతాయని పాత పటం చూసి ధీమాగా ఉన్నారు. ఆమె సంచిలోంచి, ఆ పొద్దున్నే కేంద్రానికొచ్చిన కొత్త పటం తీసి బల్ల మీద పరిచింది. ఆనకట్ట ఎత్తు పెంచారు. నీళ్ళు పొలాలు దాటి, ఇళ్ళు దాటి, రాతిబండల దాకా ఎక్కుతాయి. ఆపైన మంచు తప్ప ఏమీ లేదు.

పసంగ్ గారు పటం మీద వేలు పెట్టి ఆ గీత వెంట నెమ్మదిగా జరుపుకుంటూ పోయారు. ఒకచోట ఆపారు. అక్కడ ఏముందో ఆమె అడగలేదు.

"ఎవరు పెంచేరు?"

"మీ దేశం వాళ్ళే. లోయ ఖాళీ అని నేను రాసిచ్చాక."

ఆయన పటం మడిచి, అయినా ఫర్వాలేదు, మా వాళ్ళు ఇంకా పైకెక్కుతారన్నారు. శీతాకాలం ముందర పంట నీళ్ళలో పోతే ఏం తింటారని ఆమె అడిగింది. లారీలకన్నా ఆకలే నయమన్నారు. అది మీ అమ్మగారి సంగతి తలుచుకుని మీరంటున్న మాట, ఇవాళ అక్కడున్న పసిపిల్లల తల్లులు ఏమంటారో మీకెలా తెలుసంది. ఆయన ముఖం చిన్నబోయింది. ఆ మాట అన్నందుకు ఆమె మనసూ చివుక్కుమంది. అనక తప్పలేదు.

"నేను చెప్పకుండా దాచినా, చెప్పినా, రెండూ వాళ్ళ నెత్తిన పడేవే," అంది. "అది తేల్చాల్సింది మీరూ కాదు, నేనూ కాదు. వాళ్ళని అడగాలి."

కింది దేశపు ఉద్యోగులకు ఈ పట్నం దాకానే అనుమతి, ఆమె లోయలోకి వెళ్ళడానికి వీల్లేదు. ఆయన వెళ్ళగలరు, మోకాళ్ళు ఒప్పుకుంటే. వెళ్ళి ఉన్నదున్నట్టు చెబుతానన్నారు. మరి జవాబు ఎలా తెలుస్తుంది? లోయలో ఫోన్లు లేవు, మేకల దారిన మనిషి దిగొచ్చేలోపు నెలాఖరు అయిపోతుంది. ఉపాయం ఆయనే చెప్పారు. లెక్కలోకి రావాలనుకుంటే ఊరంతా నదిలో దిగుతుంది. వద్దనుకుంటే నివేదిక వెళ్ళేదాకా ఒక్కరూ నీటిని ముట్టరు. అప్పుడు సీసాలో నిజంగానే ఎవరూ ఉండరు, ఆమె అబద్ధం రాయక్కర్లేదు. రాయకుండా ఆడే అబద్ధం అది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఒప్పుకున్నారు.

వచ్చేస్తూ గుమ్మం దగ్గర ఆగింది. వాళ్ళు దిగినా మీరు మాత్రం దిగకండి అని బతిమాలింది. మిగతావాళ్ళు యంత్రానికి ఒట్టి గీతలే. ఆయన ఆనవాలు పేరుతో సహా దాని కడుపులో ఉంది. పుట్టుక దాచి ఉద్యోగం చేశారని, లోయను దాచిపెట్టారని ఆయన ప్రభుత్వానికి తెలిస్తే పెన్షన్ పోవడం చిన్న విషయం, జైల్లో వేస్తారు. జల్లెడ తప్పు నాదేనని రాసుకుంటాను, మీ పేరెత్తనంది. ఆయన నవ్వి, నాకీ మోకాళ్ళతో చన్నీళ్ళ స్నానం ఎందుకమ్మా అన్నారు.

ఆయన వెళ్ళాక కూడా రోజూ సీసా మునుగుతూనే ఉంది. యాంగ్జోమ్ చల్లనీళ్ళకు మొదట మూలిగినా అలవాటు పడింది. లోయలో గీతలు కొన్నాళ్ళు ఇరవై, పాతిక మధ్య ఆడాయి. ఎవరివని యాంగ్జోమ్ అడిగితే, తేల్చాక చెబుతానంది అరుంధతి. తర్వాత ఒక పొద్దున్న ఒక్కటీ లేదు. మర్నాడూ లేదు. ఆయన చేరారన్నమాట. వాళ్ళు నదిని ముట్టడం మానేశారు.

జవాబు వచ్చేసిందనుకుంది అరుంధతి. అబద్ధమెందుకు, ఆమెకు హాయిగా అనిపించింది. ఎనిమిదేళ్ళ తప్పు ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకుంటే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. ఆనవాలు మాట ఇక ఎవడూ నమ్మడు. తోళ్ళ కార్ఖానావాడు మర్నాడే కోర్టుకెళ్ళి, మనుషుల్నే చూడలేని పెట్టె మా విషాన్ని ఎలా చూసిందని అడుగుతాడు. వెండిచేప మళ్ళీ పోతుంది. కింది ఒడ్డున ఆ నీళ్ళే తాగే ఊళ్ళెన్నో ఉన్నాయి. ఇంత పెద్ద నది కోసం అంత చిన్న లోయ అనుకోవచ్చు కదా. అలా అనుకున్నాక ఆ హాయి మీద తనకే అసహ్యం వేసింది.

ధర్మారావుతో అదే చెప్పుకుంది. ఆయన కూరగాయలు తరుగుతూ విన్నాడు. ఉద్యోగం పోతే టెక్కలి వెళ్ళిపోదాం, అదేమీ ప్రళయం కాదన్నాడు. ఉద్యోగం కాదు, నది మాటేమిటంది ఆమె.

"నదిని కాపాడ్డం అంటే అందులో చేపలొక్కటే కాదు కదే," అన్నాడు. అని, తను చెప్పిన మాట పెద్దదైపోయిందని సిగ్గుపడ్డట్టు మళ్ళీ వంకాయల మీద పడ్డాడు.

నివేదిక పంపాల్సిన రోజు వచ్చింది. పొద్దున్నే పొగమంచులో అరుంధతీ యాంగ్జోమూ సీసా ముంచి, చెరో గుక్కా తాగి, మూత పెట్టి ల్యాబుకి తెచ్చారు. యంత్రం ఎప్పట్లాగే చేపలతో మొదలెట్టింది. వెండిచేప, రాతిచేప, నీటిపిల్లి, మూడు రకాల నాచు. ఆ తర్వాత కెన్లా లోయ దగ్గర ఒక గీత లేచింది. దాని పక్కన ఇంకోటి. మరోటి. గీతలు వరసగా, తొందరేమీ లేకుండా, ఒకరి వెనక ఒకరు నీళ్ళలోకి దిగుతున్నట్టే వస్తున్నాయి. యాభై దాటాయి, నూరు దాటాయి, ఇంకా వస్తున్నాయి. గీతల కింద వయసూ ఒంటి స్థితీ చెప్పే చుక్కలు చూస్తే ముసలివాళ్ళున్నారు, గర్భిణులున్నారు. నెలల పిల్లలున్నారు. అంత చల్లటి నీళ్ళలో వాళ్ళనెలా ముంచారో, ఎంత ఏడ్చి ఉంటారో. ఇన్నాళ్ళూ నదిని ముట్టకుండా వాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారన్నమాట. వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకునీ ఉంటారు. చివరికి అందరూ దిగారు. అరుంధతికి కళ్ళనీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

గీతలన్నీ వచ్చాక ఆఖర్న ఒకటి లేచింది. దాని పక్కన యంత్రం పేరు కూడా వేసింది. పసంగ్, మాజీ ఉద్యోగి.

ఎందుకు దిగారు మహానుభావా అని మనసులోనే తిట్టుకుంది ఆమె. దిగొద్దని అంత బతిమాలాను కదా. ఊరంతా నీళ్ళలోకి దిగుతుంటే ఒడ్డున కూర్చుని చూడటం ఆయన వల్ల కాలేదేమో. లేక ఇన్నేళ్ళూ తన పేరు చాటున వాళ్ళు దాక్కున్నారు గనక, పైకి వచ్చే రోజున తనూ వాళ్ళతోనే రావాలనుకున్నారేమో. ఆ ఒక్క గీత తీసేస్తే చాలు, ఆయన హాయిగా వంతెన పక్క ఇంట్లో ముల్లంగి పెంచుకుంటూ బతికేస్తారు. మిగతావి ఎక్కడికీ పోవు. కావాలంటే ఒక గీత చెరిపెయ్యడానికి ఒక వేలు చాలు. అరుంధతి వేలు మీట మీద పెట్టింది కూడా.

పెట్టి, ఆలోచించింది. ఆయన్ని కాపాడ్డానికి చెరిపితే, అది ఆయన అడిగిన పనేనా? తనకి మనసొప్పక చేసే పనా? మీరు కాదు నేను కాదు, వాళ్ళని అడగాలని ఆయన్ని కొండెక్కించింది తనే. ఆయన కూడా ఆ వాళ్ళలో ఒకరు. తను అడిగింది, ఆయన జవాబు చెప్పారు. మీట మీంచి వేలు తీసేసింది.

నివేదికలో అన్నీ ఉన్నవున్నట్టు రాసింది. కెన్లా లోయలో మనుషులున్నారని, ఎప్పటినుంచో ఉన్నారని, ఎనిమిదేళ్ళుగా తను పంపిన సున్నాలు తప్పని, జల్లెడ తనదేనని, తప్పు తనదేనని, తలుపులు దించకూడదని రాసింది. గీతల జాబితా మొత్తం జతచేసింది. తన సంతకం పెట్టి, రెండో సంతకం కోసం కాగితం యాంగ్జోమ్ ముందుకు జరిపింది. ఇది పెడితే నీ ప్రభుత్వానికి కోపం రావచ్చు, చదివి ఆలోచించుకునే పెట్టమంది.

యాంగ్జోమ్ నిదానంగా చదివింది. ఉద్యోగంలో చేరి నెల కూడా నిండలేదు. జాబితా చివరిదాకా వచ్చి ఆగింది. ఈ పసంగ్ గారంటే మన పసంగ్ గారేనా, అక్కడేం చేస్తున్నారు ఆయన అని అడిగింది.

"అది ఆయన ఊరమ్మా," అంది అరుంధతి. "ఇంటికెళ్ళారు."

యాంగ్జోమ్ ఆ పేరు వైపు కాసేపు చూసి, సంతకం పెట్టింది.